వెర్ది రెక్వియమ్: జులీని రికార్డింగును ఏ చోట తూచాలి?

పాతరికార్డు

సభ్యులందరికీ నమస్కారం. కండక్టర్ కార్లో మరియా జులీని నిర్వహణలో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా, ఫిల్‌హార్మోనియా బృందగాయకులు 1963 సెప్టెంబరులోనూ 1964 ఏప్రిల్‌లోనూ లండన్‌లోని కింగ్స్‌వే హాల్‌లో రికార్డు చేసిన వెర్ది రెక్వియమ్‌ను, అంటే ఇటలీ ఒపెరా స్వరకర్త వెర్ది మృతుల పూజలోని లాటిన్ మాటలకు కట్టిన కృతిని, ఈ నెలలో నాలుగుసార్లు ఆసాంతం విన్నాను. ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్, క్రిస్టా లూడ్విగ్, నికొలాయ్ గెడ్డా, నికొలాయ్ గ్యౌరోవ్ ఇందులో ఏకగాయకులు. సమీక్ష రాయాలని కూర్చుని రెండు పేరాలు దాటలేకపోయాను, ఎందుకంటే ఏ చోటును పట్టుకుని దీన్ని తూచాలో నాకే తేలలేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునంటారు గాని, ఈ గంటన్నర సంగీతంలో ఏ మెతుకును పట్టి చూడాలన్నదే నా ప్రశ్న.

ఇన్నేళ్ళుగా నేను పట్టి చూసిన మెతుకు ‘దియెస్ ఇరే’, అంటే తీర్పుదినపు ఘట్టం. ఆర్కెస్ట్రా మొత్తం నాలుగు దెబ్బలు కొట్టాక పెద్ద డ్రమ్ము ఎదురుతాళంలో విడిగా మోగుతుంది. డ్రమ్ము తాళ్ళను బాగా బిగించాలనీ, ఆ దెబ్బ పొడిగా, చాలా గట్టిగా వినిపించాలనీ వెర్ది స్వరపత్రంలోనే రాశాడు. కొత్త స్పీకర్లు కొన్నవారు ముందుగా మోగించేది ఈ చోటే, రికార్డింగును మెచ్చుకున్నా తెగడినా ఉదాహరించేదీ ఈ చోటే. జులీని రికార్డింగులో చిక్కు సరిగ్గా ఇక్కడే వచ్చింది. గాయకులందరూ పూర్తి గొంతుతో అందుకునేసరికి శబ్దం చిట్లుతుంది. నా దగ్గరున్న రెండు ముద్రణల్లోనూ అదే వరస.

అయితే ఇదే రికార్డింగు మొదటి నిమిషంలో చెల్లో వాద్యాలు కింది స్వరాలకు దిగివచ్చాక ‘రెక్వియెమ్’ (విశ్రాంతి) అన్న మాట బృందం నోట పలికే తీరు నేను మరెక్కడా వినలేదు. గాయకులు పాట మొదలుపెట్టినట్టు ఉండదు, అప్పటికే గదిలో ఉన్న ధ్వని మన చెవికి ఇప్పుడు ఆనినట్టు ఉంటుంది. మొదటి కొలతతో చూస్తే ఇది దెబ్బతిన్న రికార్డింగు, రెండవ కొలతతో చూస్తే దీనికి సాటి లేదు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

శబ్దశాల

పాతరికార్డు గారూ, నేను శబ్దగ్రహణమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి కాబట్టి కాస్త కటువుగా చెబితే మన్నించండి. మీరు తూచవలసింది ఒక సాయంత్రం హాల్లో జరిగిన కచేరీని కాదు, ఒక రికార్డింగును. టేపు భరించగలిగిన దానికన్నా ఎక్కువ శబ్దం దాని మీదకు వెళ్ళినప్పుడు తరంగం శిఖరాలు తెగిపోతాయి, తెగిపోయిన భాగం ఏ మరమ్మతుతోనూ తిరిగి రాదు. కొత్త ముద్రణలు ఆ గరుకును కొంత నునుపు చేయగలవు, అంతే.

అది ఆ కాలపు పరిమితి అని సరిపెట్టుకోవడం కూడా న్యాయం కాదు. అంతకు మూడేళ్ళ ముందే, 1960లో, కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్ వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో ఇదే కృతిని వియన్నాలోని సోఫీన్‌సాల్ హాల్లో రికార్డు చేశాడు. 1967లో అదే హాల్లో, అదే ఆర్కెస్ట్రాతో మరో కండక్టర్ షోల్తి డెక్కా సంస్థకు చేశాడు. రెండింటికీ నిర్మాత జాన్ కల్‌షా. ఒకప్పుడు ఆవిరిస్నానాల కోసం కట్టిన ఆ భవనంలో నేల కింద ఈతకొలను తాలూకు ఖాళీ ఉండిపోయింది, మంద్రధ్వనులకు అక్కడ వచ్చే నిండుదనంలో దాని పాత్ర కూడా ఉందంటారు. షోల్తి ‘దియెస్ ఇరే’ వినండి. డ్రమ్ము దెబ్బ పొట్టలో తగులుతుంది, అయినా దాని మీద గాయకుల అక్షరాలు చెదరవు. కింగ్స్‌వే హాల్ కూడా గొప్ప గదే, కాని కింద నుంచి పికడిల్లీ లైను భూగర్భ రైళ్ళు పోతుండేవి, అక్కడ జరిగిన అనేక రికార్డింగుల్లో ఆ గురగుర ఇప్పటికీ వినిపిస్తుంది. గది మంచిదైనంత మాత్రాన పని తేలిక కాదన్నమాట.

కృతిలోకెల్లా ప్రసిద్ధమైన చోట గాయకుల గొంతు చిట్లితే, మిగిలిన చోట్ల ఎంత బాగున్నా, ఆ రికార్డింగును మొదటి స్థానంలో నిలపడం నా వల్ల కాదు.

రెండోవరుస

శబ్దశాల గారి కొలతే కొలత అయితే కండక్టర్ టోస్కనీని 1951 రికార్డింగును అటక మీద పెట్టేయాలి. అది మోనో, బృందం గొంతులు ఒక గోడకు అతికించినట్టు ఉంటాయి, చిన్న ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య ఉండవలసిన దూరం సగానికి సగం కుదించుకుపోయింది. అయినా వెర్ది చనిపోయి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన 1951 జనవరి 27న కార్నెగీ హాల్‌లో జరిగిన ఆ కచేరీని, అందులో రాబర్ట్ షా బృందం చూపిన కసిని వదులుకోవడానికి ఎవరూ సిద్ధపడరు. 1887లో వెర్ది ఒపెరా ‘ఒతెల్లో’ తొలి ప్రదర్శనలో చెల్లో వాయించిన టోస్కనీనియే వెర్ది వేగాల గురించి ఒక మాట చెబితే శబ్దం బాగాలేదని చెవులు మూసుకుంటామా?

శబ్దశాల

మూసుకోను. అయితే దాన్ని చరిత్రపత్రంగా వింటాను. స్టీరియో కాలంలో, సకల సదుపాయాలూ ఉన్న సంస్థ చేసిన పనిని ఆ కాలపు ప్రమాణంతోనే చూడాలి కదా.

ఆల్టోగొంతు

నేను విదేశంలో ఉన్న పదకొండేళ్ళలో ఒక ఔత్సాహిక బృందంలో చేరి ఈ రెక్వియమ్‌ను రెండుసార్లు పాడాను, రెండవ ఆల్టోల (స్త్రీల కింది స్థాయి గొంతుల) వరుసలో, సరిగ్గా ట్రంపెట్ల ముందు నిలబడి. కాబట్టి డ్రమ్ము సంగతి పక్కనపెట్టి, గొంతుల వైపు నుంచి నాకు తెలిసింది రాస్తాను.

‘దియెస్ ఇరే’ పాడడం బృందానికి కష్టమైన పని కాదు. అలసట కలిగిస్తుంది, అంతే. కేకకు దగ్గరగా ఉన్నా ఆర్కెస్ట్రా మోత కప్పేస్తుంది, పక్కవాడు తప్పినా తెలియదు. నిజంగా భయపెట్టే చోట్లు మూడున్నాయి. మొదటిది తొలి భాగంలోని ‘తే దేచెత్ హిమ్నుస్’. ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది, బాస్ గొంతులు (పురుషుల మంద్రస్థాయివి) ముందు ఎత్తుకుంటాయి, తర్వాత తక్కిన వరుసలు ఒకదాని వెనుక ఒకటి చేరతాయి. ఆధారశ్రుతి పట్టి ఇచ్చే తంబురా లాంటిది ఏదీ ఉండదు. అలా పాడుతూ పాడుతూ బృందం వెంట్రుకవాసి కిందికి జారడం సర్వసాధారణం, జారిన సంగతి మళ్ళీ వాద్యాలు అందుకున్న క్షణంలో బయటపడుతుంది. మా మొదటి కచేరీలో బయటపడింది. నిర్వాహకుడి ముఖం ఇంకా గుర్తుంది.

రెండవది ‘దియెస్ ఇరే’ తుఫాను తగ్గాక వచ్చే ‘క్వాంతుస్ త్రెమోర్’. ఎంత వణుకు పుట్టబోతోందో అన్న ఆ మాటలను దాదాపు గుసగుసగా పలకాలి. గొంతు తగ్గించగానే హల్లులు కూడా తగ్గిపోవడం గాయకుల సహజ దోషం. హల్లు తగ్గకుండా గొంతు మాత్రమే తగ్గించగలిగితే ఆ చోట వెన్నులో చలి పుడుతుంది. పదాంతంలోని ‘స్’ను డెబ్బై ఎనభై మంది ఒకే క్షణంలో ముగించడం మరొక పని, ఒక్కరు ఆలస్యమైనా పాము బుసకొట్టినట్టు వినిపిస్తుంది. మూడవది చివరి ‘లీబెరా మే’లో వాద్యాలు లేకుండా వచ్చే ‘రెక్వియెమ్ ఎతెర్నామ్’. అప్పటికి గంటకు పైగా నిలబడి, ‘సాంక్తుస్’లో రెండు బృందాలుగా చీలి ఎనిమిది వరుసల ఫ్యూగ్ (ఒకే బాణీని ఒక వరుస వెనుక ఒకటి అందుకునే పాట) పరుగెత్తి, ఇంకొకసారి ‘దియెస్ ఇరే’ అరిచి ఉంటాం. అక్కడ సొప్రానో (హెచ్చుస్థాయి ఏకగాయని) పైస్థాయి బి ఫ్లాట్‌కు ఎగబాకుతుంది, వెర్ది ఆ స్వరానికి నాలుగు ‘పి’లు (ఎన్ని ఉంటే అంత మెల్లగా అని గుర్తు) వేశాడు, కింద మేము ఊపిరి కూడా వినిపించకుండా ఆమెను మోయాలి.

ఈ మూడు చోట్లా జులీని బృందం నేను విన్న అందరికన్నా మిన్న. దానికి కారణం ఒక్క జులీని కాదు. 1957లో రికార్డు నిర్మాత వాల్టర్ లెగ్ ఈ బృందాన్ని నెలకొల్పినప్పుడు శిక్షణకు తీసుకువచ్చిన విల్హెల్మ్ పిట్జ్, జర్మనీలోని బైరాయిట్ ఒపెరా ఉత్సవాల గాయకబృందాన్ని తీర్చిదిద్దినవాడు. రికార్డు అట్ట మీద అతని పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, సమీక్షల్లో అసలే ఉండదు. బృందగాన రికార్డింగును తూచేవారు ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా మనవి.

కాలప్రమాణం

నేను ప్రధానంగా కర్ణాటక సంగీత శ్రోతను. పాశ్చాత్య సంగీతంలో నా చెవి ముందు లయ మీదికి పోతుంది. స్వరపత్రం ముందు పెట్టుకుని వింటున్నప్పుడు ఒక సంగతి గమనించాను, దాన్ని ఇక్కడ పెడతాను.

మొదటి పుటలో వెర్ది నిమిషానికి 80 క్వార్టర్ నోట్లు అని రాశాడు. ‘దియెస్ ఇరే’ దగ్గర నిమిషానికి 80 హాఫ్ నోట్లు అని రాశాడు, హాఫ్ నోటు నిడివి క్వార్టర్ నోటుకు రెట్టింపు. అంటే చేతి దెబ్బ మారలేదు, దెబ్బకు పట్టే స్వరాలు రెట్టింపయ్యాయి. మన భాషలో చెప్పాలంటే అదే కాలప్రమాణంలో మొదటి కాలం నుంచి రెండవ కాలానికి వెళ్ళాడు. ప్రశాంతమైన ప్రార్థనకూ ప్రళయానికీ నాడి ఒక్కటే అన్న ఊహ ఇందులో ఉన్నదో, అంకెలు యాదృచ్ఛికంగా కలిశాయో నిర్ణయించడం నా పని కాదు. ఏదైనా చాలామంది కండక్టర్లు మొదటి పుటను 80 కన్నా బాగా నిదానంగానూ రెండవదాన్ని వీలైనంత జోరుగానూ నడిపి ఆ సంబంధాన్ని తెంచేస్తారు. జులీని కూడా మొదట్లో నిదానమే. రైనర్ మరీ నిదానం, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. పీరియడ్ వాద్యాలతో (వెర్ది కాలపు తరహా వాద్యాలతో) 1992లో జాన్ ఎలియట్ గార్డినర్ చేసిన రికార్డింగులో ఈ లెక్క మీద శ్రద్ధ ఎక్కువ కనిపించింది, అతని మాంటెవెర్ది గాయకబృందం స్పష్టతకు కూడా నేను దాసుణ్ణి.

కాబట్టి బృందం మెల్లగా పాడగలగడం ఒక్కటే గీటురాయి అంటే ఒప్పుకోలేను. నిదానంగా నడిపితే మెల్లగా పాడడం అందంగా వినిపించడంలో ఆశ్చర్యమేముంది? నడక నిలబెట్టుకుంటూ మెల్లగా పాడడం కదా పరీక్ష.

ఆల్టోగొంతు

కాలప్రమాణం గారూ, లెక్క చక్కగా పట్టారు. ఒక్క సవరణ మాత్రం. నిదానంగా మెల్లగా పాడడం తేలిక కాదు. ఊపిరి త్వరగా ఖర్చవుతుంది, శ్రుతి జారడానికి వ్యవధి ఎక్కువ దొరుకుతుంది. మమ్మల్ని జోరుగా నడిపించిన నిర్వాహకుడికి మేము మనసులో దండం పెట్టుకున్నాం.

విచారణవాసి

మా తాతగారు గుంటూరు జిల్లాలో ఒక కతోలిక విచారణలో (పారిష్‌లో) పాటల బృందానికి పెద్ద. లాటిన్‌లో దివ్యపూజాబలి జరిగిన రోజుల్లో మృతుల పూజకు ఆయన ‘దియెస్ ఇరే’ పాడేవారట. డ్రమ్ములూ ట్రంపెట్లూ కాదు, ఒకే వరసలో, ఒకే గొంతుగా సాగే పాత గ్రెగోరియన్ బాణీ. రెండవ వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన 1970 నాటి పూజాగ్రంథంలో మృతుల పూజ నుంచి ఆ గీతాన్ని తీసేశారు, మా తరానికి అది చెవిన పడలేదు. వృద్ధాప్యంలో ఆయన మంచం మీద పడుకుని గొణిగిన పాదాలే నాకు తెలిసిన ‘దియెస్ ఇరే’.

ఆ జ్ఞాపకంతో వెర్దిని వింటే నా దృష్టి ఏకగాయనుల మీదికి పోతుంది. చివరి ‘లీబెరా మే’ మొదట్లో సొప్రానో దాదాపు ఒకే స్వరం మీద మాటలను తాళం లేకుండా వల్లిస్తుంది. అది గుడిలో పూజారి వల్లింపే, స్వరపత్రం కూడా ఆమెను కొలత విడిచి పాడమంటుంది. అక్కడ గాయని ప్రార్థిస్తున్నదా, ప్రార్థిస్తున్నట్టు నటిస్తున్నదా అన్నది నాకు ముఖ్యం. ష్వార్జ్‌కోఫ్ ప్రతి మాటకూ ఒక రంగు వేస్తుంది. తెలివైన గానమే, కాని ఆ తెలివి నాకు అడ్డం వస్తుంది. రైనర్ దగ్గర లియొంటీన్ ప్రైస్ అంత ఆలోచించదు, భయపడుతుంది. వెర్ది ఈ కృతిని రాసింది ఒపెరా గాయకులకే అని నాకు తెలియకపోలేదు. 1874 మే 22న, ఎవరి స్మృతికి ఈ కృతి రాశాడో ఆ ఇటలీ రచయిత మన్‌జోని చనిపోయి ఏడాది నిండిన రోజున, మిలాన్‌లోని సాన్ మార్కో చర్చిలో పాడిన తెరేసా స్టోల్జ్, మరియా వాల్డ్‌మన్ ఇద్దరూ వెర్ది ఒపెరా ‘ఐదా’లో పాడినవారే. మూడు రోజుల తర్వాత ఇదే కృతి లా స్కాలా ఒపెరా హాలు వేదిక మీదికి వెళ్ళింది. పూజావస్త్రాలు వేసుకున్న ఒపెరా అని జర్మన్ కండక్టర్ హాన్స్ ఫాన్ బ్యూలో అప్పుడే ఎత్తిపొడిచాడు, తర్వాత వెర్దికి క్షమాపణ రాసుకున్నాడు. అయినా ఒపెరా గాయని కూడా ఆ ఒక్క పుటలో వేదిక మరిచిపోవచ్చు గదా అనిపిస్తుంది.

రెండోవరుస

ష్వార్జ్‌కోఫ్ సంగతి ఒప్పుకుంటాను. అయితే షోల్తి దగ్గర సొప్రానో సదర్లాండ్ గొంతు ఎంత గొప్పదైనా మాటలు నోట్లోనే కరిగిపోతాయి, దానికన్నా రంగులు వేసిన మాట మేలు. టెనర్ల (హెచ్చుస్థాయి పురుష గాయకుల) విషయంలో మాత్రం జులీనికి మార్కులు తగ్గించక తప్పదు. గెడ్డా టెనర్ పాట ‘ఇంజెమిస్కో’ను శుభ్రంగా, పెద్దమనిషి తరహాలో పాడాడు. రైనర్ రికార్డింగులో యూసీ బ్యోర్లింగ్ అదే పాట పాడాడు, మరి మూడు నెలలకే, 1960 సెప్టెంబరులో చనిపోయాడు. ఈ సంగతి తెలియకముందు విన్నా నాకు గొంతు పూడుకుపోయింది. బాస్ గాయకుడు గ్యౌరోవ్ గురించి వాదనే లేదు, ‘మోర్స్’ (మృత్యువు) అన్న మాటను మూడుసార్లు అంటూ మధ్యలో అతను వదిలే నిశ్శబ్దం ఇంకెవరూ వదలలేదు.

పాతరికార్డు

అందరికీ కృతజ్ఞతలు. ఆల్టోగొంతు గారు చెప్పిన మూడు చోట్లనూ నిన్న రాత్రి ఐదు రికార్డింగుల్లో వరుసగా విన్నాను, జులీని, రైనర్, షోల్తి, గార్డినర్, 2009లో రోమ్‌లో సాంతా చెచీలియా బృందంతో పప్పానో చేసినది. వింటుండగా నా పొరపాటు ఒకటి తెలిసింది. నేను ఎప్పుడూ ‘దియెస్ ఇరే’కు సరిపోయేలా శబ్దం అమర్చుకుని, పై అంతస్తువారు తలుపు తట్టకుండా చూసుకుని, ఆ మట్టంలోనే కృతినంతా వింటున్నాను. ఆ మట్టంలో ‘తే దేచెత్’ దాదాపు వినిపించదు, వినిపించనిదాన్ని తూచే ప్రశ్నే రాదు. నిన్న తలకిందులు చేశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి ‘రెక్వియెమ్’ ఎదుట మనిషి మెల్లగా మాట్లాడినంత వినిపించేలా అమర్చి, ఇక దాన్ని ముట్టుకోలేదు. ‘దియెస్ ఇరే’ వచ్చేసరికి నిజంగానే ఉలిక్కిపడ్డాను. జులీని చిట్లడం అప్పుడు మరింత స్పష్టంగా తెలిసింది, ఆ విషయంలో శబ్దశాల గారిదే న్యాయం.

పప్పానో బృందం గురించి ఒక్క మాట. వారు ఇటలీవారు కావడం వల్లనేమో లాటిన్ అచ్చులు నోరారా తెరిచి పలుకుతారు, ‘లూచెఆత్’ (వెలుగొందుగాక) అన్న మాటలో వెలుగు వినిపిస్తుంది. వియన్నా బృందాలను విన్న వెంటనే వీరిని వింటే తేడా తెలియకపోదు. జులీని బృందంలో ఆ ఎండ లేదు. అక్కడ ఉన్నది మసక వెలుతురు, మొదటి పుటకు అదే తగినదనిపించింది.

శబ్దశాల

శబ్దం అమర్చుకోవడం గురించి మీరు చెప్పినది వృత్తిరీత్యా నేను ముందే చెప్పవలసిన మాట, మరిచిపోయాను. దానికి ఒకటి జోడిస్తాను. ఆన్‌లైన్‌లో వినేవారు శబ్దమట్టాన్ని సమం చేసే సదుపాయాన్ని ఆపివేసి వినాలి, ముఖ్యంగా విడివిడి భాగాలుగా వినేటప్పుడు. లేకపోతే ప్రశాంతమైన భాగాన్ని పైకి లేపి, భీకరమైనదాన్ని కిందికి నొక్కి, వెర్ది పెట్టిన దూరాన్ని యంత్రమే చెరిపేస్తుంది.

మీరు రాసినది చదివాక నేనూ జులీని ‘ఆన్యుస్ దేయి’ పెట్టాను. సొప్రానో, మెజో (సొప్రానో కన్నా కింది స్థాయి గాయని) ఒకరికొకరు స్థాయి ఎడంతో, ఏ వాద్యమూ లేకుండా పదమూడు బార్లు ఒకే వరస పాడతారు. దాపరికానికి తావు లేని చోటు, చాలా రికార్డింగుల్లో అక్కడ రెండు గొంతుల మధ్య సన్నని చీలిక వినిపిస్తుంది. ష్వార్జ్‌కోఫ్, లూడ్విగ్ పాడుతుంటే ఇద్దరున్నారన్న సంగతి రెండవ పాదం దాకా నా చెవికి పట్టలేదు. తర్వాత అదే వరసను బృందం అందుకున్నప్పుడు ఆ రెండు గొంతులే పెద్దవైనట్టు ఉంది తప్ప కొత్త గుంపు వచ్చినట్టు లేదు. విచారణవాసి గారు ఆ గాయని తెలివి గురించి అన్న మాట ఈ పుటకు వర్తించదు.

టేపు మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. కాని మొదటి స్థానం ఇవ్వనని అన్న వాక్యాన్ని ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాను. పప్పానోను నేను ఇంతవరకు వినలేదు, ఆదివారం పగలు, పై అంతస్తువారు ఊళ్ళో లేనప్పుడు విని రాస్తాను.